మూలన పడ్డ పాత ట్రాక్టరును మళ్లీ నడిపించడం ఎలా

అనంతపురం జిల్లాలో ఏ ఊరికి పోయినా కొట్టం పక్కనో, చింతచెట్టు కిందో, కంపచెట్ల మధ్యనో ఒక పాత ట్రాక్టరు నిలబడి ఉంటుంది. మ్యాసీ 1035, మహీంద్రా బి-275, ఫోర్డ్ 3600, అక్కడక్కడా ఒక హెచ్ఎంటీ జీటర్. కరువుల్లో డీజిల్ పోయలేక కొన్ని ఆగిపోయాయి. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నాక పట్టించుకునేవాళ్లు లేక కొన్ని ఆగాయి. కొత్త బండి ఇంటికొచ్చాక కొన్ని మూలన పడ్డాయి. ఇనుము వ్యాపారి వచ్చి కిలోల లెక్కన ధర కట్టే ముందు ఒక్కసారి వాటిని సరిగ్గా పరీక్షించమని నా మనవి. ఈ బండ్లలో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. డీజిల్, గాలి, కంప్రెషన్ సరిగ్గా అందితే ఇంజను నడిచి తీరాలి. నాలుగైదు ఎకరాల మెట్ట పొలంలో బుడ్డలు (వేరుశనగ), కంది వేసుకునే రైతుకు అలాంటి బండి ఒకటి చాలు.

నేను చూసినంతలో, నిలబడి పాడైన బండ్ల కంటే లేపే రోజు తొందరపాటుతో పాడైన బండ్లే ఎక్కువ. ఇంకో బండి బ్యాటరీ తెచ్చి తగిలిస్తారు, సెల్ఫ్ కొడతారు. రాకపోతే తాడు కట్టి లాగుతారు. లోపల వాల్వును కదిలించే పుష్ రాడ్ వంగిపోతుంది, లేదా పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అందుకే కింద చెప్పే పనుల్లో సెల్ఫ్ కొట్టడం బాగా చివర వస్తుంది. ఆ వరుస మార్చకండి.

ముందు అడిగి తెలుసుకోండి

బండి ఎందుకు ఆగిందో తెలుసుకోవడమే మొదటి పని. చివరగా నడిపిన మనిషి ఊళ్లో ఉంటే పోయి కూర్చుని మాట్లాడండి. నడుస్తున్న బండిని నిలిపేశారా, లేక ఏదైనా పోయి నిలిపేశారా? వేడెక్కి నీళ్లు చిమ్మేదా? ఆయిల్ తాగేదా? గేరు జారేదా? "నడుస్తూనే ఉండె, టైర్లు పోయి పక్కన పెట్టినాం" అని చెప్తే సగం టెన్షన్ తీరినట్టే. "హెడ్డు (సిలిండర్ల మీది మూత) విప్పినారు, మళ్లీ ఎక్కించలేదు" అంటే లెక్క వేరు. తీసిన సామాన్లు ఏ గోనెసంచిలో ఉన్నాయో ముందు వెతకాలి.

అదే కూర్చోవడంలో కాగితాల సంగతి కూడా అడగండి. వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. బండి పెద్దాయన పేరు మీద ఉండి ఆయన కాలం చేసి ఉంటే, వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 పెట్టాలి. ఆర్సీ ఎక్కడుందో తెలియని బండి మీద డబ్బు పెట్టే ముందు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు శుభ్రంగా తుడిచి ఫోటో తీసుకుని ఆర్టీఓ ఆఫీసులో విచారించండి.

విడిభాగాల గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. మ్యాసీకి, మహీంద్రాకు సామాను అనంతపురంలోనే దొరుకుతుంది. హెచ్ఎంటీ ట్రాక్టర్ల తయారీ మూతపడింది. 2016లో కేంద్రం ఆ విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. కాబట్టి హెచ్ఎంటీ అయితే పాత సామాను కోసం తిరగాల్సి వస్తుందని తెలిసే మొదలుపెట్టండి. బ్లాకు పగిలి ఉంటే, ఏ కంపెనీ బండైనా సరే, దాన్ని సామాను కోసం ఉంచుకోవడమే మేలని నా లెక్క.

శుభ్రం చేయడం

బానెట్ ఎత్తే ముందు పొడవాటి కర్రతో అన్ని వైపులా తట్టండి. టూల్ బాక్సులో, బ్యాటరీ పెట్టెలో, సీటు కింద పాములు ఉంటాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. బండి చుట్టూ ఎండుగడ్డి, కంప కొట్టేయండి. తర్వాత వెల్డింగో, వైర్ల పనో చేసేటప్పుడు నిప్పురవ్వ పడితే ఆ గడ్డే అంటుకుంటుంది.

సైలెన్సర్ గొట్టం, ఎయిర్ క్లీనర్ గొట్టం, ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మూడింట్లోకీ టార్చి వేసి చూడాలి. ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి, కందిరీగలు మట్టిగూళ్లు కట్టి ఉంటాయి. డీజిల్ ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం కూడా మట్టితో మూసుకుపోతుంది. అది మూసుకుంటే బండి కాసేపు నడిచి తనంతట తానే ఆగిపోతుంది, కారణం మాత్రం అంత తేలిగ్గా దొరకదు. క్లచ్, బ్రేకుల దగ్గర దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి.

ఇంజను తిరుగుతుందా?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దీనికి ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

నిలువు సైలెన్సర్ ఉన్న బండికి మూత లేకుండా వదిలేస్తే వాన నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి నీళ్లు పిస్టన్ మీద చేరతాయి. నీళ్లు గాలిలాగా కుదించుకోవు. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు తగిలి ఆగుతుంది, రాడ్ వంగుతుంది. కాబట్టి ఇంజనును ఒక్క చుట్టు తిప్పే ముందే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నీ విప్పాలి. బిగుసుకుపోయిన నాజిల్‌ను పక్క నుంచి సుత్తితో కొట్టకండి. చుట్టూ తుప్పు వదిలే ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేసి, మరుసటి రోజు అటూ ఇటూ కొద్ది కొద్దిగా తిప్పుతూ పైకి తీయండి. ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోండి. కింద ఉండే రాగి వాషర్లు మళ్లీ బిగించేటప్పుడు కొత్తవి వేయాలి. పైపుల నోళ్లకు ప్లాస్టిక్ కవరు కట్టండి. డీజిల్ పంపుకు మన ఎర్రమట్టి దుమ్మును మించిన శత్రువు లేదు.

నాజిళ్లు తీసిన రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో సగం డీజిల్, సగం ఇంజనాయిల్ కలిపి చిన్న టీ గ్లాసుడు పోయండి. రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ పెట్టి కనీసం రెండు మూడు రోజులు కదిలించకండి. మధ్యలో చూసి, ఇంకిపోతే మళ్లీ పోయండి.

ఈ లోగా టాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) విప్పండి. అక్కడ తుప్పు ఉందా, ఆయిల్ తడి ఉందా అనేది చూస్తే లోపలి పరిస్థితి చాలావరకు తెలిసిపోతుంది. రాకర్ల మీద, వాల్వు స్ప్రింగుల మీద ఆయిల్ వేయండి. తర్వాత బండిని న్యూట్రల్‌లో పెట్టి, ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి పొడవాటి పిడితో మెల్లగా తిప్పి చూడండి. ఇంజను తిరిగే దిశలో కొంచెం, వెనక్కి కొంచెం. కదిలితే ఇంకొంచెం ఆయిల్ పోసి మరికొంత తిప్పండి. కదలకపోతే పిడికి పైపు తొడిగి బలం చూపించకండి, బోల్టు తెగుతుంది. టాప్ గేరులో వేసి ఇద్దరు ముగ్గురు మనుషులు బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. రోజూ కాసేపు ఊపి మళ్లీ వదిలేయండి. వారం పది రోజులు ఇలా చేసినా కదలకపోతే హెడ్డు, ఛాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి చూడాల్సిందే. సిలిండర్ లోపలి లైనర్లు, పిస్టన్లు మార్చడం పెద్ద పనే, కానీ అది చేయించుకున్న బండి మళ్లీ చాలా ఏళ్లు నడుస్తుంది.

తిరుగుతుంటే, రెండు పూర్తి చుట్లు తిప్పుతూ టాపెట్ల వైపు చూడండి. ప్రతి వాల్వూ కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. ఏదైనా కిందే ఉండిపోతే అది గైడులో (వాల్వు కదిలే గొట్టంలో) పట్టేసిందని అర్థం. ఆయిల్ వేసి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టి వదిలించండి. అది చూడకుండా ముందుకు పోతే వంగేది పుష్ రాడ్డే.

ఆయిల్, నీళ్లు

ఛాంబర్ డ్రెయిన్ బోల్టును పూర్తిగా విప్పకుండా మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, ముందు అవే కారతాయి. నాలుగు చుక్కలైతే తేమ అనుకోవచ్చు. లీటర్ల కొద్దీ వస్తే, లేదా ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ లేదా లైనర్ సీళ్లు చూడాలి. ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు డయాఫ్రం (లోపలి పొర) చినిగి ఉండొచ్చు. వేళ్ల మధ్య నలిపితే మెరిసే రజను తగిలితే బేరింగులు అరిగాయన్నమాట. మంచి 20డబ్ల్యూ-40 ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. ఈ పాత ఇంజన్లకు ఖరీదైన సింథటిక్ ఆయిల్ అవసరం లేదు.

గేర్‌బాక్స్, హైడ్రాలిక్ ఆయిల్‌ను చాలామంది మర్చిపోతారు. గేరు రాడ్డు రబ్బరు చినిగి అందులోంచి వాన నీళ్లు దిగి ఉంటాయి. మ్యాసీలో గేర్‌బాక్సుకు, లిఫ్టుకు ఒకే ఆయిల్ కాబట్టి నీళ్లు కలిస్తే లిఫ్ట్ పంపు కూడా దెబ్బతింటుంది. మార్చేయండి.

రేడియేటర్ విషయంలో మన జిల్లాకు ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఏళ్ల తరబడి అవే పోసిన ఇంజనులో బిందె అడుగున కట్టే తెల్లటి గార లాంటిదే నీటి దారుల్లోనూ కడుతుంది. పైకి రేడియేటర్ నిండుగానే ఉంటుంది, కానీ బండి దున్నుతుంటే వేడెక్కుతుంది. కింది గొట్టం విప్పి పై నుంచి నీళ్లు పోసి చూడండి. పోసినంత వేగంగా కిందికి రావాలి. సన్నగా కారితే రేడియేటర్ షాపులో విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి గార తీయడం) చేయించండి. రబ్బరు గొట్టాలు వేలితో నొక్కితే పగుళ్లు కనిపిస్తాయి, కొత్తవి వేయండి. థర్మోస్టాట్ తీసి పారేయడం మన దగ్గర ఒక అలవాటైపోయింది. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనర్లు త్వరగా అరుగుతాయి. ఉంచండి, పాడైతే కొత్తది వేయండి. చివరగా మినరల్ వాటర్ ప్లాంటు నీళ్లలో కూలెంట్ కలిపి పోయండి. బోరు నీళ్లు మాత్రం వద్దు.

డీజిల్ దారి

పాత డీజిల్ మీద ఆశ పెట్టుకోకండి. ట్యాంకు దించి ఖాళీ చేయండి. అడుగున నీళ్లు, తుప్పు, నల్లటి జిగురు ఉంటాయి. లీటరు డీజిల్, గుప్పెడు చిన్న గులకరాళ్లు వేసి అన్ని వైపులా ఆడించి కడిగి పారబోయండి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ఇదే పని. రాళ్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. ట్యాంకుకు ఎక్కడైనా చిల్లు ఉండి వెల్డింగ్ పెట్టించాలంటే, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి అంటుకుని పేలుతుందని గుర్తుంచుకోండి. నిండా నీళ్లతో కడిగించకుండా ఎవరినీ పెట్టనివ్వకండి.

డీజిల్‌లోని నీళ్లు, మడ్డి చేరే గాజు గిన్నె కడగండి, డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చండి, రబ్బరు పైపులు మార్చండి, రాగి వాషర్లు కొత్తవి వేయండి. నాజిళ్లను నాజిల్ టెస్టింగ్ షాపులో ఇచ్చి ప్రెషర్ చూపించండి. ఈ ఖర్చు దగ్గర వెనుకాడకండి. కారే నాజిల్ పిస్టన్‌ను కాల్చేస్తుంది. నాజిల్ పిచికారీ కొట్టేటప్పుడు చేయి అడ్డం పెట్టకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా చేయి తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం. ఒకవేళ అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పంపు గురించి ఒక ముఖ్యమైన మాట. మ్యాసీ లాంటి బండ్లకు ఉండే గుండ్రటి రోటరీ పంపులో డీజిల్ పరిమాణాన్ని చూసే మీటరింగ్ వాల్వు పాత డీజిల్ జిగురుకు పట్టేస్తుంది. పొడవాటి ఇన్‌లైన్ పంపులో అదే పని చేసే ర్యాక్ పట్టేస్తుంది. మూసుకుని పట్టేస్తే ఇంజను స్టార్ట్ కాదు, అంతే. తెరుచుకుని పట్టేస్తే స్టార్ట్ అయ్యాక ఆగదు, చేతికందనంత వేగానికి పోతుంది. యాక్సిలరేటర్ లివర్, స్టాప్ నాబ్ పంపు దగ్గర నిజంగా కదులుతున్నాయో లేదో చూడండి. ఏళ్ల తరబడి నిలిచిన బండి అయితే పంపు దించి షాపులో టెస్టు బెంచి మీద పెట్టించడమే నేను చెప్పేది. పంపు దించే ముందు దాని ఫ్లాంజి మీద టైమింగ్ గీతను ఉలితో గుర్తు పెట్టుకోండి.

డీజిల్ దారిలో చేరిన గాలి తీయడం: ట్యాంకులో కనీసం పది లీటర్లు డీజిల్ పోసి కాక్ తెరవండి. ఫీడ్ పంపు చిన్న లివర్‌ను చేత్తో కొడుతూ ఫిల్టర్ మీది బోల్టు వదులు చేయండి. బుడగలు ఆగి నిండు ధార వచ్చాక, లివర్ కొడుతూనే బిగించండి. లివర్‌కు బలం తగలకపోతే ఇంజనును ఒక చుట్టు తిప్పండి, క్యామ్ దాన్ని నొక్కి ఉంచి ఉంటుంది. తర్వాత పంపు దగ్గరికి రండి. రోటరీ పంపుకు గాలి తీసే బోల్టులు రెండు చోట్ల ఉంటాయి, ముందు పంపు పక్కన ఉండే చిన్న బోల్టు, తర్వాత పైన గవర్నర్ మూత దగ్గరది. ఇన్‌లైన్ పంపుకు పంపు ఒంటి మీదే ఉంటుంది. నాజిల్ పైపుల నట్లు చివరగా సెల్ఫ్‌తో తీస్తాం, ఇప్పుడే కాదు.

వైర్లు

ఎలుకలు కొరికిన పాత వైరింగ్‌ను అతుకులేసి నడపకండి. మొదటి స్టార్టుకు కావాల్సింది కొంచెమే. 12 వోల్టుల మంచి బ్యాటరీ, సెల్ఫ్‌కు మందపాటి కేబుల్, ఛాసిస్‌కు గీకి శుభ్రం చేసిన చోట ఎర్త్. సెల్ఫ్ నీరసంగా తిరిగితే చాలావరకు తప్పు ఎర్త్ దగ్గరే ఉంటుంది. లైట్లు, ఛార్జింగ్ తర్వాత చూసుకోవచ్చు.

స్టార్ట్ చేసే రోజు

ఎయిర్ క్లీనర్ విప్పి కడిగి, అడుగు గిన్నెలో గీత వరకే ఆయిల్ పోయండి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చుకుని, స్టాప్ నాబ్ లాగినా ఆగకుండా వేగం పుంజుకుంటుంది.

బండిని కొట్టంలోంచి బయటికి తోసుకురండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆపి ఉంచండి. పిల్లల్ని దూరంగా పంపండి. గాలి గొట్టం నోటికి సరిపోయే చెక్కపలక ఒకటి పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి. ఇంజను అదుపు తప్పితే ఆ పలకతో గాలి మూసేస్తే ఆగుతుంది. చేత్తోనో గుడ్డతోనో మూయాలని చూడకండి, లోపలికి లాగేస్తుంది.

నాజిళ్లు ఇంకా బిగించకుండానే, స్టాప్ నాబ్ లాగి పెట్టి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, దూరంగా నిలబడి సెల్ఫ్ కొట్టండి. మీరు పోసిన ఆయిల్, లోపలి నీళ్లు బయటికి చిమ్ముతాయి. పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో సెల్ఫ్ చల్లారనివ్వండి. ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా ఇలాగే. ముల్లు లేవకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి. ప్రెషర్ కనిపించాకే నాజిళ్లు బిగించండి. పైపుల నట్లు నాజిల్ వైపు వదులుగా ఉంచి, స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ తెరిచి సెల్ఫ్ కొట్టండి. ప్రతి నట్టు దగ్గరా డీజిల్ చిమ్మాక బిగించండి. యాక్సిలరేటర్‌ను సగానికి తగ్గించి మళ్లీ కొట్టండి.

అందుకుంటుంది. ముందు ఒక సిలిండర్, తర్వాత మిగతావి. తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, వేడెక్కే కొద్దీ తగ్గాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే కొన్ని గంటలు పనిచేశాక అదీ తగ్గొచ్చు, కాబట్టి వెంటనే ఇంజను విప్పాలని నిర్ణయించకండి. నల్లటి పొగ అంటే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. మొదటి నిమిషంలో మీ కన్ను ఆయిల్ గేజి మీదే ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కి గర్జింపచేయాలని అందరికీ ఉంటుంది, ఆగండి. తక్కువ వేగంలోనే పావుగంట నడిపి, వాటర్ పంపు, గొట్టాలు, ఛాంబర్ దగ్గర కారుతోందేమో చూసి ఆపేయండి. స్టాప్ నాబ్ సరిగ్గా ఆపిందా లేదా అన్నది కూడా ఒక పరీక్షే.

పొలానికి పోయే ముందు

చాలా ఏళ్లు నిలిచిన బండికి క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కి, కట్టె పెట్టి కొన్ని రోజులు అలాగే కట్టేయండి. చాలాసార్లు అదే వదులుతుంది. లేకపోతే ఇంజను వేడెక్కాక ఆపి, ఖాళీ పొలంలో తక్కువ గేరులో స్టార్ట్ చేసి, పెడల్ తొక్కి ఉంచి బ్రేకు తాకుతూ నడిపితే వదులుతుంది. ఇది అనుభవం ఉన్న డ్రైవరు చేయాల్సిన పని. పైగా బ్రేకులు పనిచేస్తున్నాయని తేలాకే. బ్రేకులు లేని బండిని వీధిలోకి తేవద్దు. కుడి, ఎడమ పెడళ్లు రెండూ సమానంగా పట్టాలి, రోడ్డు మీద రెంటినీ కలిపే కొక్కెం వేసి ఉండాలి.

మన ఎండకు టైర్ల పక్కలు బీటలు వారతాయి. దారాలు కనిపిస్తే మార్చాల్సిందే. మ్యాసీ 1035కు ముందు 6.00-16, వెనక 12.4-28 సైజు టైర్లు. బరువు కోసం టైర్లలో నీళ్లు నింపి ఉంటే వాల్వు చుట్టూ రిమ్ము తుప్పు పట్టి ఉంటుంది, అది చూడకుండా గాలి కొట్టించకండి. కొట్టేటప్పుడు టైరు పక్కగోడకు, రిమ్ముకు ఎదురుగా కాకుండా తప్పుకుని నిలబడండి. స్టీరింగ్ బాల్ జాయింట్లు, ముందు చక్రాల బేరింగులు చూసి, గ్రీజు నిపుళ్లన్నిటికీ గ్రీజు కొట్టండి.

ఈ పనులు నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే మన గార్లదిన్నెలోనే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ల వాడకం, నిర్వహణ మీద రైతులకు, ఊరి కుర్రాళ్లకు అక్కడ శిక్షణ ఇస్తారు. ఇంట్లో ట్రాక్టరు ఉన్న ప్రతి పిల్లవాడినీ ఒకసారి పంపాలని నా కోరిక.

మొదటి పనికి మడకలు (నాగళ్లు) తగిలించకండి. తేలికపాటి గుంటక చాలు. ఎర్రనేలలో వాన పడ్డ రెండో రోజు ఒక ఎకరం పాయండి. గంటకోసారి ఆపి వేడి, ఆయిల్, నట్లు చూడండి. 25 గంటలు పనిచేశాక ఇంజనాయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చండి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి అంతా అప్పుడే కదిలి వస్తుంది. డీజిల్ ఫిల్టర్లు కూడా అదే రోజు. హెడ్డు విప్పి కట్టి ఉంటే హెడ్ నట్లను కంపెనీ చెప్పిన వరుసలో, టార్క్ రెంచితో మళ్లీ బిగించి, ఆ తర్వాతే టాపెట్ల గ్యాప్ సరిచేయండి. నట్లు బిగిస్తే గ్యాప్ మారిపోతుంది కాబట్టి ఈ రెండూ అదే వరుసలో జరగాలి.